సేప యాత్ర

మధురవాడ కాలేజీ పిల్లలు పన్నెండు మంది శ్రీలంకకు సేవ చేయడానికి బయలుదేరిన రోజున, విశాఖపట్నం ఎయిర్‌పోర్టు ముందు జనం చూసింది వాళ్ళని కాదు, వాళ్ళు పట్టుకున్న ఫ్లెక్సీని. దాని మీద మూరెడేసి అక్షరాలతో ‘అంతర్జాతీయ విద్యార్థి సేప యాత్ర’ అని ఉంది. గాజువాకలో ఫ్లెక్సీలు కొట్టేవాడికి ఆ పిల్లల్లో నరేష్ అనేవాడు ఫోన్లో చెప్పాడు. చేపని సేప అనే వాడలో పెరిగిన ఆ ఫ్లెక్సీల మనిషి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ రోజూ విన్నమాట సేపే గాని సేవ కాదు. పైగా పకీ వకీ మధ్య ఎంత దూరమని? పైన మూతి కలిస్తే వ, కలవకపోతే ప.

అందరూ విరగబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ధనశ్రీ. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కాదు ఆ పిల్ల. ఆ మాట పుట్టకముందే భుజాలు దులుపుకుని కూర్చునే రకం.

కేథరిన్ మేడమ్ హ్యాండ్‌బ్యాగులోంచి నల్ల మార్కర్ తీసింది. ఆవిడ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది, సేవా విభాగం కూడా చూస్తుంది. మంచి మనిషి. ఎవరికో ఒకరికి మంచి చేస్తే గాని ఆవిడకి అన్నం సయించదు. అవతలివాళ్ళకి కావాలా వద్దా అని అడగడం మాత్రం ఆవిడకి అలవాటు లేదు. మార్కర్‌తో ప మూతి కలిపేసి, “ఇప్పుడు సేవ అయింది, ఫొటో తీయండి” అంది. తీశారు. విమానం ఎక్కారు.

ధనశ్రీది రేవుపేట. ఊరి చివర ఇసుకలో నూటయాభై ఇళ్ళున్న జాలరిపేట అది. తండ్రి సూరన్న హార్బర్‌లో బోటెక్కి వేటకెళ్తాడు. తల్లి పోతమ్మ నెత్తిన గంప పెట్టుకుని అపార్టుమెంట్లకి చేపలు తీసుకెళ్తుంది. ఈ సంగతి కాలేజీలో ఒక్కరికీ తెలియదు. అలాగని ధనశ్రీ అబద్ధాలు చెప్పేది కాదు. నాన్నగారు ఏం చేస్తారంటే “హార్బర్‌లో” అనేది. అమ్మ ఏం చేస్తుందంటే “సొంత బిజినెస్” అనేది. మాది సీ ఫేసింగ్ ఇల్లు అని కూడా చెప్పింది, స్నేహితులు కుళ్ళుకున్నారు. అది మరీ నిజం. తుపానుకి సముద్రం వాళ్ళ గుమ్మం దాకా వచ్చి, చెప్పులు పట్టుకుని వెళ్ళేది.

ఇదంతా ఎందుకంటే, ఒక్క మాట వల్ల. కాలేజీ మొదటి రోజు ఒక్కొక్కరూ లేచి తమ గురించి చెప్పమన్నారు. ధనశ్రీ లేచి “నాను ధనశ్రీ” అంది. అంతే, తరగతి గదిలో నవ్వు పుట్టి వెనక బెంచీ దాకా పాకింది. నెల రోజుల పాటు ఆ పిల్ల పేరు ధనశ్రీ కాదు, ‘నాను’. చదువులో మొదటి ర్యాంకు వచ్చినా ఆ పేరు పోలేదు. దాంతో మొదటి సెమిస్టర్‌లో ఆ పిల్ల చదివిన పాఠాలన్నిటికంటే కష్టపడి చదివింది ఒకటే: నానుని నేను చేయడం, సేపని చేప చేయడం, ఏటిని ఏమిటి చేయడం. రేవుపేటలో బస్సెక్కేటప్పుడు ఒక భాష, మధురవాడలో దిగేటప్పుడు ఒక భాష. మధ్యలో గంట ప్రయాణంలో మాట మార్చుకునేది, చెప్పులు మార్చుకున్నట్టు.

పోతమ్మకి ఇదంతా ఎవరూ చెప్పలేదు. చెప్పకపోతే తెలియకపోవడానికి తల్లి ఏమైనా కాలేజీ ప్రిన్సిపాలా? ఒకరోజు తనంతట తనే కాలేజీ రోడ్డు మానేసి వెనక వీధిలోంచి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ వెనక వీధిలోనే ఒక అపార్టుమెంటులో కేథరిన్ మేడమ్ ఉంటుందని, ప్రతి సోమవారం చేపలు కొంటుందని పోతమ్మకి తర్వాత తెలిసింది. మేడమ్ ఒకసారి “నీకు పిల్లలున్నారా పోతమ్మా?” అని అడిగితే, “ఒక్కత్తే కూతురండి. హైదరాబాద్‌లో సదూతంది” అనేసింది. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి తల్లి పగలబడి నవ్వింది. ధనశ్రీ కూడా నవ్వింది. నవ్వితే ఇద్దరికీ ఎడమ బుగ్గ మీద మాత్రమే సొట్ట పడుతుంది. అదే సొట్ట నాయనమ్మ ముసలమ్మకీ ఉంది. ఆవిడ సూరన్నకి తల్లీ, పోతమ్మకి మేనత్తా. అందుకే పేటలో ముగ్గురినీ ఒకే అచ్చులో పోశారంటారు. ఆ రోజు నవ్వాక మాత్రం ధనశ్రీకి అన్నం దిగలేదు.

శ్రీలంక యాత్రలో ఒక్క సీటు ఉచితం. వ్యాసరచనలో గెలిచినవాళ్ళకి ఇస్తామన్నారు. ధనశ్రీ మత్స్యకారుల జీవితం మీద రాసి గెలిచింది. “ఇంత లోతుగా ఎలా తెలుసుకున్నావు?” అని మేడమ్ ఆశ్చర్యపోతే, “ఫీల్డ్ విజిట్ మేడమ్” అంది. ఇరవయ్యేళ్ళ ఫీల్డ్ విజిట్ అని చెప్పలేదు.

శ్రీలంక తూర్పు తీరంలో ఒక జాలరి పల్లె. ఎనిమిది రోజులు. వీళ్ళు చేయాల్సిన సేవ, అక్కడివాళ్ళకి చేతులు కడుక్కోవడం నేర్పడం. దానికి ఏడు మెట్లున్నాయి. అరచేయి అరచేయి రుద్దడం మొదటి మెట్టు, మణికట్టు ఆఖరి మెట్టు. రెండు పెట్టెల సబ్బులు విమానంలో మోసుకెళ్ళారు. తాతకు దగ్గు నేర్పడమంటే ఇదే. తెల్లవారి లేచింది మొదలు నీళ్ళలో నానేవాళ్ళకి నీళ్ళ గురించి చెప్పడం. ఆ జనం మర్యాదస్తులు. ఓపిగ్గా వరసలో నిలబడి, ఏడు మెట్లూ ఎక్కి దిగి, సబ్బు పట్టుకుని ఇంటికెళ్ళి, మర్నాడు మళ్ళీ వచ్చేవారు. సబ్బు మంచిది.

నాలుగో రోజు ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. రెండు పక్కలా తాళ్ళు పట్టుకుని పల్లె పల్లెంతా వెనక్కి నడుస్తోంది. “మనమూ ఒక చెయ్యి వేద్దాం” అంది మేడమ్. పిల్లలు ఉత్సాహంగా తాడు పట్టుకున్నారు. చేతులతో లాగారు. పది నిమిషాలకి అరచేతులు బొబ్బలెక్కి ఊదుకుంటూ కూర్చున్నారు. నరేష్ తండ్రి స్టీల్ ప్లాంటులో ఇరవయ్యేళ్ళు చెమటోడ్చిన మనిషే గాని, ఆ చెమట కొడుక్కి వారసత్వంగా రాలేదు.

ధనశ్రీ ఏం చేస్తోందో ధనశ్రీకే తెలియలేదు. చున్నీ నడుముకి బిగించింది. తాడు నడుం చుట్టూ తిప్పింది. మడమలు ఇసుకలో దిగేసి, చేతులతో కాదు, నడుంతో లాగుతూ ఒక్కొక్క అడుగే వెనక్కి వేసింది. పక్కవాళ్ళ అడుగుతో తన అడుగు కలిసిపోయింది. వల ఒడ్డుకొచ్చేదాకా ఆ పిల్లకి లోకం గుర్తులేదు. గుర్తొచ్చేసరికి నరేష్ వీడియో తీస్తున్నాడు.

“ఎంత త్వరగా కలిసిపోయిందో చూడండి!” అంది మేడమ్, కళ్ళు మెరుస్తుండగా.

పక్కన తాడు పట్టిన ముసలావిడ ధనశ్రీ చెయ్యి తిప్పి అరచేయి చూసింది. అరవంలో ఏదో అడిగింది. వీళ్ళకి మాట తిరగేసి చెప్పే అక్కడి ఇంగ్లీషు టీచరు, “నీది ఏ రేవు అని అడుగుతోంది” అన్నాడు.

“వైజాగ్” అంది ధనశ్రీ.

ముసలావిడ తల అడ్డంగా ఊపింది. “అది ఊరు. రేవు అడుగుతోంది” అన్నాడు టీచరు.

మేడమ్ నవ్వింది. “పాపం, అందరూ తమలాంటివాళ్ళే అనుకుంటారు.”

ధనశ్రీకి దొంగకు తేలు కుట్టినట్టయింది. సముద్రం దాటి వచ్చినా ఒక్క ముసలిది నడుం చూసి కనిపెట్టేసింది. మూడేళ్ళుగా పక్క బెంచీలో కూర్చున్నవాళ్ళు మొహం చూసి కనిపెట్టలేకపోయారు. ఆవిడ మళ్ళీ అడగలేదు. వచ్చేసే రోజున ఒక ఎండుచేపల పొట్లం చేతిలో పెట్టి, “మీ అమ్మకి” అని చెప్పించింది.

ఇంటికొచ్చాక పోతమ్మ ఆ పొట్లం విప్పి, వాసన చూసి, ఒక చేప విరిచి నాలిక మీద పెట్టుకుంది. “ఉప్పు సాల్నేదు. సేప మాత్రం మంచిదే. మంచోళ్ళనాగున్నారు” అంది. తర్వాత అడిగింది, “ఇంతకీ అంత దూరం ఎలిపోయి ఏటి నేర్పినారే?”

“సేతులు కడుక్కోడం.”

పోతమ్మ ఇంకో ముక్క విరిచింది. “ఆళ్ళకి సముద్రం నేదేటి?”

కాలేజీలో ‘మేము నేర్చుకున్నది’ అని సభ పెట్టారు. ఒకడు కృతజ్ఞత నేర్చుకున్నానన్నాడు, తన ఇంట్లో ఏసీ ఉన్నందుకు. నరేష్ సంతోషం నేర్చుకున్నానన్నాడు. “వాళ్ళ దగ్గర ఏమీ లేదు. అయినా మమ్మల్ని చూస్తే నవ్వుతూనే ఉన్నారు” అన్నాడు. పెట్టెల కొద్దీ సబ్బు మోసుకొచ్చి చేతులు కడుక్కోండి అంటే ఎవరికైనా నవ్వొస్తుందని ధనశ్రీ అనుకుంది గాని పైకి అనలేదు. తాడు లాగిన వీడియో తెర మీద వేశారు. స్థానికులతో కలిసిపోయినందుకు ధనశ్రీకి ప్రత్యేక బహుమతి ఇచ్చారు. సొంతూళ్ళో లాగితే కూలి, పరాయి దేశంలో లాగితే బహుమతి. యాత్రలో ఆ పిల్ల నేర్చుకున్నది ఇదీ.

చప్పట్లు ఆగాక మేడమ్ మైకు తీసుకుంది. “సేవకి విదేశాలకే వెళ్ళాలా? మన పక్కనే ఉన్నారు. వచ్చే ఆదివారం రేవుపేట వెళ్తున్నాం. ధనశ్రీ ముందుండి నడిపిస్తుంది.”

బహుమతి ధనశ్రీ చేతిలో ఇటుకలా బరువెక్కింది.

ఆ సాయంత్రం పోతమ్మ వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తుంటే, పక్కన కూలబడి చెప్పింది. “అమ్మా, ఆదివారం మా కాలేజోళ్ళు మన పేటకొత్తన్నారు.”

పోతమ్మ కోయడం ఆపలేదు. “ఒస్తే రానీ. నాను నిన్నెరగను.”

“అమ్మా!”

“నాను నిన్నెరగను, మీ నాన్న నిన్నెరగడు. పేటోళ్ళకి నాను సెప్తాను. నువ్వు బయపడకు తల్లీ.”

కోపంగా అని ఉంటే బాగుండేది. పోతమ్మ కోపంగా అనలేదు. బడికెళ్ళే పిల్లకి జడ వేస్తానన్నంత మామూలుగా అంది. ధనశ్రీ వద్దనాలి. అనాలనే అనుకుంది. ఆ తరగతి గది నవ్వు చెవిలో మోగింది, నోరు మూసుకుంది. ఆ మూసుకున్నందుకు తనని తాను ఎంత తిట్టుకుందో లెక్కలేదు.

వారం పాటు రేవుపేటకి అదే పని. నూటయాభై ఇళ్ళవాళ్ళూ ధనశ్రీని ఎరగకపోవడం ప్రాక్టీసు చేశారు. సూరన్న కూతుర్ని చూసినప్పుడల్లా “ఎవురమ్మా నువ్వు?” అని అడిగి, ఎలా ఉందని పెళ్ళాన్ని చూసేవాడు. ముసలమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. “నా మనవరాల్ని నాను ఎరగనంటే నా నోట్లో పురుగులు పడవా?” అంది. ఆఖరికి ఎరుగుదుననీ ఎరగననీ అనకుండా, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చోవడానికి ఒప్పుకుంది.

ఆదివారం బస్సు వచ్చింది. దిగగానే నరేష్ ఫ్లెక్సీ కట్టాడు. కొత్తదే, కానీ పాత ఫైలు నుంచే కొట్టాడు గాజువాక మనిషి. మార్కర్ ఎవరూ తేలేదు. పేటలో చదువొచ్చిన ఒకాయన గట్టిగా చదివి వినిపించాడు, “విద్యార్థి సేప యాత్ర.” జనానికి బాగా నచ్చింది. “ఇన్నాళ్ళకి మన బాసలో రాసినార్రా!” అన్నారు. చేపలు కొనడానికి వచ్చారేమోనని నలుగురు గంపలు కూడా దించారు.

మేడమ్ పోతమ్మని చూసి సంబరపడిపోయింది. “నువ్విక్కడా పోతమ్మా! పిల్లలూ, ఈవిడ నాకు బాగా తెలుసు. రా, నీతోనే మొదలుపెడదాం. ధనశ్రీ, చేసి చూపించు.”

స్టూలు వేశారు. పళ్ళెం, చెంబు, సబ్బు పెట్టారు. పోతమ్మ కూర్చుని రెండు చేతులూ చాచింది. ధనశ్రీ ఆ చేతులు పట్టుకుంది. చేప ముళ్ళు గీరుకుని మానిన గాట్లు, గోళ్ళ పక్కన అంటుకుని ఎండిన పొలుసు, బొటనవేలి మీద కత్తిపీట తెగ్గొట్టిన మచ్చ. ఆ మచ్చ ధనశ్రీ పదో తరగతి పరీక్ష రోజున పడింది. పిల్లకి ఆలస్యమవుతుందని తొందరలో కోసుకుంది పోతమ్మ.

“వాసన పోవాలంటే రెండుసార్లు రుద్దాలి” అన్నాడు నరేష్, రుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని. వాడికి చెడ్డ ఉద్దేశం లేదు. అదే బాధ.

ధనశ్రీ మొదటి మెట్టు చేసింది. రెండోది చేసింది. చుట్టూ పేట పేటంతా ఆ పిల్లని ఎరగకుండా నిలబడి ఉంది. తండ్రి ఆకాశం చూస్తున్నాడు. నాయనమ్మ కొంగు కొరుకుతోంది. మూడో మెట్టు దగ్గర పోతమ్మ, తన వేషం రక్తి కట్టించాలని, తలెత్తి ముద్దుగా అడిగింది. “సక్కగా కడుగుతన్నావు. ఏ రేవు తల్లీ మీది?”

ఏ ఊరు అనుండాల్సింది. జాలరిది కదా, నోటికి రేవే వచ్చింది.

సబ్బు జారి ఇసుకలో పడింది. ధనశ్రీకి ఏడుపు పొంగుకొచ్చింది. “ఇదే రేవు” అంది. “నాను నీ కూతుర్నమ్మా. నాను ఈ పేట గుంటనే.”

అప్పుడు నరేష్ చప్పట్లు కొట్టాడు. ఒకరి వెనక ఒకరు అందరూ కొట్టారు. మేడమ్ కళ్ళొత్తుకుంటోంది. “చూశారా? దీన్నే సహానుభూతి అంటారు. అమ్మా అంటోంది! నాను అంటోంది! వాళ్ళ యాస కూడా ఎంత తొందరగా పట్టేసిందో!”

“యాస కాదు మేడమ్. నిజంగానే మా అమ్మ. అడగండి.”

మేడమ్ నవ్వింది. “పోతమ్మ కూతురు హైదరాబాద్‌లో చదువుతోందమ్మా. నాకు తెలుసు.”

సూరన్న ముందుకు దూకాడు. కూతురు ఏదో పొరపాటున జారిందనీ, కాపాడాలనీ ఆయన తొందర. “ఈ పాపెవరో మాకు తెల్దు బాబూ! మాకసలు ఆడపిల్లే నేదు!” పెళ్ళాం గుడ్లురిమింది. “అంటే... ఇక్కడ నేదు. హైదరాబాద్‌లో ఉన్నాది” అని సర్దుకున్నాడు. వెనక నుంచి పేట మొత్తం వంత పాడింది, ఎరగం, ఎరగం అని. వారం రోజుల ప్రాక్టీసు మరి, ఊరికే పోతుందా?

ధనశ్రీ దించిన గంపల పక్కనున్న కత్తిపీట లాక్కుని కూర్చుంది. ఒక వంజరం చేప తీసుకుని, పొలుసు గీకి, మొప్పలు లాగి, నిమిషంలో ముక్కలు చేసి పడేసింది. “ఇప్పుడు నమ్ముతారా?” అని చూసింది. ఇంకా గట్టిగా చప్పట్లు. “ఫాస్ట్ లెర్నర్” అన్నారు ఎవరో.

బస్సు బయలుదేరేటప్పుడు ఆ పిల్ల ఎక్కలేదు. “మా ఇల్లు ఇదే మేడమ్” అంది. మేడమ్ ఆ పిల్ల తల నిమిరింది. “సరే, ఒక్క రాత్రి ఉండు. హోమ్‌స్టే మంచిదే. రిపోర్టు రాసి ఇవ్వు.” కిటికీలోంచి నరేష్ బొటనవేలు పైకెత్తి చూపించాడు.

బస్సు కనుమరుగయ్యాక పోతమ్మ కూతురి మీద విరుచుకుపడింది. “ఇంతమంది ఇంత కట్టపడితే, ఒక్క మాటతో పాడు సేసీబోయినావు! దేవుడి దయ, ఎవురూ నమ్మనేదు.”

“నమ్మనేదనే ఏడుస్తన్నానమ్మా.”

పోతమ్మకి అప్పుడు అర్థమైంది. చెంబుతో నీళ్ళు తెచ్చి కూతురి చేతుల మీద పోసింది. ఏడు మెట్లు లేవు, ఒక్క చెంబు. ముసలమ్మ నోట్లోంచి కొంగు తీసి, “ఇంక నాను మాటాడొచ్చా?” అని అడిగింది.

మర్నాడు సోమవారం. కేథరిన్ మేడమ్ కాలేజీకి తయారవుతుంటే బెల్లు మోగింది. చేపల గిన్నె పట్టుకుని తలుపు తీసింది. గుమ్మంలో పోతమ్మ, పక్కన ధనశ్రీ. గంప ధనశ్రీ నెత్తిన ఉంది.

“ఇంకా హోమ్‌స్టే అవలేదా?” అంది మేడమ్ మురిపెంగా.

“అవలేదు మేడమ్. పుట్టినకాడి నుంచీ ఉంతన్నాను.”

పోతమ్మకి పాత అలవాటు పోలేదు. “ఈ పాపెవరో నాకు తెల్దండి” అని మొదలుపెట్టింది. కూతురు ఆవిడ వైపు చూసింది. తల్లి కూతురి వైపు చూసింది. మాట సగంలో ఇద్దరికీ నవ్వు తన్నుకొచ్చింది. గంప ఊగేంత నవ్వు. రెండు మొహాల మీదా, ఎడమ బుగ్గనే, సొట్ట పడింది.

మేడమ్ ఆ బుగ్గ చూసింది. ఈ బుగ్గ చూసింది. మళ్ళీ ఆ బుగ్గ చూసింది. చేతిలో ఉన్న చేపల గిన్నె మెల్లిగా కిందికి వాలిపోయింది.

“మీ అమ్మాయి హైదరాబాద్‌లో ఉందన్నావు కదా పోతమ్మా?”

“అవునండి” అంది పోతమ్మ, కూతురి నెత్తి మీది గంప దించుతూ. “నిన్ననే ఒచ్చీసినాది.”